టీముకు తోడు పోయిన నాయనమ్మ

పీడీ సార్ పోయారని భారతి ఫోన్ చేసింది. మా కాలేజీలో ఆటలు నేర్పిన సార్ ఆయన. ఫిజికల్ డైరెక్టర్ అన్నది కుదించి అందరం పీడీ సార్ అనేవాళ్ళం. అసలు పేరు ఆయనకే ఎప్పుడో గానీ అవసరం పడేది కాదేమో. పదకొండో రోజున ప్రగతి నగర్‌లో వాళ్ళింటికి బయల్దేరాను. ఖాజాగూడ నుంచి హైటెక్ సిటీ దాటేసరికే గంట పట్టింది. పోయేసరికి మా పాత బాస్కెట్‌బాల్ టీములో ఐదుగురు అప్పటికే హాల్లో కింద కూర్చుని ఉన్నారు. అందరికీ యాభై దగ్గర పడింది. లేవాలంటే ఒకరి భుజం ఒకరు పట్టుకుంటున్నారు. సార్ భార్య శారద గారు నన్ను గుర్తుపట్టలేదు. మా కెప్టెన్ భారతి కలగజేసుకుని, "మంజుల అండీ, యాదమ్మ మనవరాలు" అంది. అప్పుడు ఆవిడ ముఖం మారింది. "అయ్యో, నాయనమ్మ గారి మనవరాలివా! ఆవిడ మాట రాని పండగ లేదమ్మా మా ఇంట్లో" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఇక అక్కడినుంచి గంటసేపు అందరూ మా నాయనమ్మ ముచ్చట్లే చెప్పుకున్నారు. చెమటలు కక్కుతూ ఆడింది మేము. తలుచుకుంటున్నది మాత్రం ఒక్కసారైనా బంతిని రింగులో వేయని ముసలామెను. నాకు సంతోషమే అయింది. కానీ తిరిగి వస్తూ, కారు గచ్చిబౌలి దగ్గర ఆగి ఆగి కదులుతుంటే, ఆ ముచ్చట్లలో వాళ్ళెవరికీ తెలియని ముక్క ఒకటి నా దగ్గరే ఉండిపోయిందని అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు మా ఇల్లు ఖాజాగూడ ఊళ్ళో, గుట్టల కింద ఉండేది. ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం. నాలుగు బర్రెలు. వాటి పని మొత్తం మా నాయనమ్మ యాదమ్మది. ఆమె చేసే చప్పుళ్ళతోనే మాకు తెల్లవారేది. ముందు చీపురు చప్పుడు, తర్వాత కుడితి బకెట్టు ఈడ్చిన చప్పుడు, ఆ తర్వాత గిన్నెలో పాలు పడే చప్పుడు. మొదట గలగలమని, నిండే కొద్దీ మెత్తగా. తడి గడ్డి, పేడ, నానబెట్టిన తెలగపిండి, నాయనమ్మ దవడలో ఎప్పుడూ నానుతుండే వక్క, ఇవన్నీ కలిసిన వాసన ఒకటి మా ఇంటికి ఉండేది. కాలేజీకి పోయే బస్సులో ఆ వాసన నా బట్టలకు అంటిందేమోనని పుస్తకాలు గుండెకు హత్తుకుని ఓ మూలకు నిలబడేదాన్ని. ఎండ ఎక్కాక ఆమె బర్రెలను చెరువుకు తోలుకుపోయేది. అవి నీళ్ళల్లో పడుకుంటే తను ఒడ్డున బండ మీద కూర్చుని వాటిని చూస్తూ ఉండేది. "రోజూ గవ్వే బర్రెలు, ఏం జూస్తవే?" అని అడిగితే, "ఏది దమ్ము తీస్తున్నదో, ఏది కాలు ఈడుస్తున్నదో జూడొద్దా?" అనేది. అప్పటికే ఆమెకు అరవై దాటాయి. పెళ్ళై వచ్చిననాటి నుంచి ఆమె పోయిన దూరమల్లా ఇటు మెహిదీపట్నం, అటు పుట్టినూరు శంకర్‌పల్లి. అంతకుమించి ఎక్కడికీ పోలేదు. పోవాలని ఉందని అనగా మేమూ వినలేదు.

నేను టీములోకి ఎట్లా వచ్చానో చెప్పాలి. ఇంటర్ దాకా నేను బాస్కెట్‌బాల్ చూడనే లేదు. డిగ్రీ మొదటి ఏడు, సాయంత్రం బస్సు ఆలస్యమవుతుందని కోర్టు పక్కన నిలబడేదాన్ని. "ఊరికే నిలబడే బదులు పరిగెత్తమ్మా" అని సార్ అన్నారు. పరిగెత్తాను. పరుగు నాకు బాగానే వచ్చు, బర్రెల వెంట గుట్టలెక్కిన కాళ్ళు. బంతి మాత్రం చేతిలో నిలిచేది కాదు. నాతోపాటే చేరిన అరుణ అట్లా కాదు. వాళ్ళది కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, నాన్నది ప్రభుత్వ ఉద్యోగం. చిన్నప్పటి నుంచి స్కూల్లో ఆడిన పిల్ల. బంతి ఆమె చేతికి అతుక్కున్నట్టే ఉండేది. అయినా నన్ను ఎప్పుడూ తక్కువ చేయలేదు. "మంజులా, బంతి వంక చూడకు, నా వంక చూడు. బంతి ఎక్కడికీ పోదులే" అని నవ్వేది.

రెండో ఏడు మా కాలేజీ వాళ్ళు కొత్త బిల్డింగు కడతామని కోర్టును తవ్వేశారు. సరిగ్గా అదే ఏడు జిల్లాల కాలేజీలతో మాకు ఐదు మ్యాచులు పడ్డాయి. కొన్ని మా దగ్గర, కొన్ని వాళ్ళ దగ్గర జరగాల్సినవి. మాకు కోర్టే లేదు కాబట్టి ఐదూ వాళ్ళ ఊళ్ళలోనే అన్నారు. నల్గొండ, ఖమ్మం, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్. పన్నెండు రోజులు ఇంటి ముఖం చూడకుండా ఎర్రబస్సుల్లో తిరగాలి. మూడు గెలిస్తే పై దశకు పోతాం. ప్రిన్సిపాల్ ఒక షరతు పెట్టారు. ఆడపిల్లలను మగ సార్ ఒక్కరితో పంపేది లేదు, పెద్దావిడ ఎవరైనా తోడు ఉండాలి. ఇద్దరు లెక్చరర్ మేడమ్‌లను అడిగితే, ఇంట్లో పిల్లలున్నారని ఇద్దరూ కాదన్నారు. తల్లులను అడిగితే పన్నెండు రోజులు ఎవరికి కుదురుతుంది?

అప్పుడు, నాకు నాయనమ్మ ఉందని విని, సార్ మా ఇంటికి వచ్చారు. కొట్టం ముందర నులక మంచం వేసి కూర్చోబెట్టి, నేను చాయ పెట్టడానికి లోపలికి పోయాను. బయటికొచ్చేసరికి మాటలు అయిపోయాయి. "అమ్మగారూ, మీరు ఒక్కరు వస్తే చాలండి. పిల్లల బాధ్యత నాది, మీకు ఏ ఇబ్బందీ రానివ్వను" అంటున్నారు సార్. నాయనమ్మ దవడలోని వక్క అటు నుంచి ఇటు మార్చి, "బర్రెలను మా కోడలు జూస్తది తియ్యి సారూ. ఎన్ని గంటలకు రావాల్నో జెప్పు" అంది. సాయంత్రం మా నాయన వచ్చి, "ఈ వయసుల బంతాట ఎంబడి తిరుగుతవా? నలుగురు నవ్వరా?" అని గొణిగాడు. "నవ్వనీ. నవ్వితే నాకేం నొప్పి లేస్తదా?" అని ఆమె పాలు పొయ్యడానికి పోయింది. రెండు రోజులకు నోటీసు బోర్డు మీద పది పేర్లు పెట్టారు. పదోది నాది. అరుణ పేరు లేదు. నా పేరు చూసుకున్న సంబరంలో ఆ సంగతి నా కంటికి ఆనలేదని రాయాలని ఉంది. ఆనింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అరుణ బోర్డు ముందు కాసేపు నిలబడి, నా దగ్గరికొచ్చి, "బాగా ఆడు" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

నల్గొండ బస్సులో నాయనమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కాళ్ళకు వెండి కడియాలు, మోకాళ్ళ కిందికి ఎత్తి కట్టిన చీర, ఒళ్ళో జొన్న రొట్టెల మూట, పండుమిరప తొక్కు డబ్బా, ఆముదం సీసా. ఆ పన్నెండు రోజులూ కిటికీ పక్క సీటు ఆమె ఎవరికీ ఇవ్వలేదు. మొదటి రోజు మా టీము పిల్లలు ఆమెను చూసి లోలోపల నవ్వుకున్నారు. సగం దారిలో ఒక అమ్మాయికి దిగాల్సిన అవసరం పడింది. సార్‌కు చెప్పుకోలేదు, డ్రైవర్‌ను అడగలేదు, పళ్ళు బిగబట్టి కూర్చుంది. నాయనమ్మ ఆ పిల్ల ముఖం చూసింది. లేచి ముందుకు నడిచిపోయి, "అయ్యా, బండాపు. ఆడపిల్లలు దిగాలె" అని బస్సంతా వినపడేట్టు చెప్పింది. బస్సు ఆగింది. నలుగురు దిగారు. ఇంకెవరూ నవ్వలేదు. తోడు అంటే ఏమిటో ఆ షరతు పెట్టిన ప్రిన్సిపాల్‌కు కూడా అంత బాగా తెలిసి ఉండదు. తర్వాతి రోజుల్లో ఎవరికి కడుపు నొప్పి వచ్చినా, ఎవరికి పాత బట్ట కావాలన్నా, చెవిలో చెప్పడానికి ఒక మనిషి ఉందన్న ధైర్యం పదిమందికీ వచ్చింది.

మేము ఆడిన కోర్టులు చెప్పుకోదగ్గవి కావు. ఒకచోట పగిలిన సిమెంటు, ఒకచోట ఎర్ర మొరం. కింద పడితే మోచేతులు గీసుకుపోయేవి. పడక కాలేజీ హాస్టల్ గదుల్లోనో, బెంచీలు పక్కకు జరిపిన క్లాసు రూముల్లోనో. ఉన్నది ఒక్కటే జత యూనిఫారం. ఆట కాగానే ఉతకడం, తెల్లారి బస్సు కిటికీ కడ్డీలకు కట్టి ఆరబెట్టడం. పది టీషర్టులు గాలికి ఎగురుతుంటే దారిలో జనం చూసేవాళ్ళు. కాళ్ళకు బొబ్బలు లేస్తే నాయనమ్మ ఆముదం వేడి చేసి రాసేది. మంట పుట్టి ఎవరైనా అరిస్తే, "అరువు బిడ్డా, గట్టిగ అరువు, తగ్గుతది" అనేది.

నల్గొండ మ్యాచుకు ఆమె కోర్టుకు వీపు పెట్టి కూర్చుని, పొద్దుటి వంటకని హాస్టల్ వాళ్ళ బియ్యంలో రాళ్ళేరింది. ఓడిపోయాం. ఖమ్మంలో మా వైపుకు తిరిగి కూర్చుంది. రెండో సగంలో సార్‌ను పిలిచి, "సారూ, వాళ్ళ పొడుగు పిల్ల ఊపిరి జూడు. నోటితోని తీస్తున్నది. ఇగ ఉరకదు" అంది. సార్ ఆ అమ్మాయిని చూశారు, నాయనమ్మను చూశారు, మా వాళ్ళను ఆ అమ్మాయి వైపు నుంచే బంతి తీసుకుపొమ్మన్నారు. గెలిచాం. వరంగల్ వచ్చేసరికి ఆయన తన కుర్చీ పక్కన ఆమెకు కుర్చీ వేయించారు. ఆటలో రూల్స్ ఒక్కటీ ఆమెకు తెలియదు. విజిల్ ఎందుకు ఊదుతారో కూడా చివరి దాకా ఆమెకు అంతు పట్టలేదు. కానీ ఎవరు అలిసిపోయారో, ఎవరు ఏ కాలి మీద బరువు పెడుతున్నారో, ఎవరు బెదిరారో ఆమె కంటికి దాగేది కాదు.

వరంగల్‌లోనే నా సంగతి బయటపడింది. అప్పటిదాకా నేను బెంచీ మీదే ఉన్నాను. ఒక అమ్మాయి మడమ బెణికితే సార్ నన్ను దించారు. ఆడినంతసేపట్లో బంతి నా చేతికి మూడుసార్లు వచ్చింది. రెండుసార్లు ఎదుటివాళ్ళకు ఇచ్చాను, ఒకసారి గీత దాటాను. ఓడిపోయాం. గదికి వచ్చాక భారతి బూట్లు విసిరికొట్టింది. "చేతిల బంతి పెట్టినా పట్టుకోవెందుకే?" అంది. "మొదటిసారి దిగిన గదా" అన్నాను. "నీ ఆట జూసి తీసుకున్నరనుకున్నవా? మీ నాయనమ్మ వస్తదని తీసుకున్నరు. నిన్ను తీసుకోకుంటే ఆమె ఎట్ల వస్తది? అరుణ కూసుండే జాగల కూసున్నవ్ నువ్వు!" అనేసింది. అన్న వెంటనే ఆమె ముఖం మాడిపోయింది. నేను మిగతా వాళ్ళ వైపు చూశాను. ఒక్కరూ నా వంక చూడలేదు. అందరికీ తెలుసు. తెలియనిది నాకు ఒక్కదానికే.

సార్ దగ్గరికి పోయి అడిగాను. ఆయన వరండాలో లెక్కలేసుకుంటున్నట్టు కాగితం మీద మా పేర్లు అటూ ఇటూ మార్చి రాసుకుంటున్నారు. అబద్ధం చెప్తారని, అబద్ధమైనా చెప్తే బాగుండని అనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "నిజమేనమ్మా. అరుణ ఆట నీకన్నా బాగుంటుంది, అది నీకూ తెలుసు. పది మందికే ఒప్పుకున్నారు. ఆవిడ రాకపోతే మొత్తం టీమే రాదు. నేను ఒకరికి అన్యాయం చేసి తొమ్మిది మందిని తీసుకొచ్చాను. నీకు చెప్పకపోవడం ఇంకో తప్పు. క్షమించమ్మా" అన్నారు. అంత పెద్దమనిషి నన్ను క్షమించమన్నాక నాకు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెట్టుకోవడానికి ఒక మనిషి దొరికింది.

మర్నాడు పొద్దున హాస్టల్ పంపు దగ్గర నాయనమ్మ మా యూనిఫారాలు ఉతుకుతోంది. ఆ పని ఎవరూ చెప్పలేదు, మూడో రోజు నుంచి తనే మొదలుపెట్టింది. నేను ఎదురుగా నిలబడి, "నన్ను ఎందుకు తీసుకున్నరో నీకు తెలుసా?" అన్నాను. ఆమె చేతులు ఆగలేదు. "ఎర్కే. సారు మొదాలే జెప్పిండు" అంది.

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వు కొత్త బూట్లు తొడుక్కొని ఇంట్ల అటు ఇటు నడుస్తుంటివి. ఏమని జెప్పాలె?"

"నా పరువు తీసినవ్. నా కోసం వస్తున్నవనుకున్న."

ఆమె అప్పుడు చేతులు ఆపింది. నురగ చీరకు తుడుచుకుని నా ముఖంలోకి చూసింది. "నీ కోసమూ వచ్చిన. గంతే కాదు. నాకు పోవాలనిపిచ్చింది బిడ్డా. ఇన్నేండ్లు గా చెరువు కాడికి పోవుడు, ఇంటికి వచ్చుడు. సారు గిన్ని ఊర్ల పేర్లు జెప్పిండు. ఒక్కసారి జూస్తే ఏం పోతదనిపిచ్చింది. నువ్వు టీముల లేకుంటే నన్నెవరు పిలుస్తరు?" అంది.

ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే కళ్ళు తడుస్తాయి. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాయనమ్మలు మనవరాళ్ళ కోసం వస్తారు. తమ కోసం వస్తారని నాకెవరూ చెప్పలేదు. తనకు ఊళ్ళు చూడాలని ఉందని నన్ను బెంచీ మీద బొమ్మను చేసిందనుకున్నాను. ఆమెతో మాట్లాడటం మానేశాను. కరీంనగర్ బస్సులో వెనక సీటుకు పోయాను. ఆమె పెట్టిన రొట్టె ముట్టకుండా హాస్టల్ అన్నం తిన్నాను. ఆమె బతిమాలలేదు. కిటికీలోంచి మానేరు డ్యామ్ నీళ్ళు కనపడగానే చిన్నపిల్లలాగా సీట్లోంచి సగం లేచి, పక్కనున్న భారతిని చేత్తో తట్టి, "ఇంత నీళ్ళా! ఎన్ని బర్రెలు పడ్తయే ఇందుల!" అంది. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రోజు కరీంనగర్‌లో గెలిచాం. రెండు గెలుపులు, రెండు ఓటములు. మిగిలింది నిజామాబాద్.

నిజామాబాద్ మ్యాచు ఎండలో జరిగింది. అప్పటికి పదకొండు రోజుల తిరుగుడు. ఎవరి కాళ్ళూ ఎవరి మాటా వినే స్థితిలో లేవు. రెండో సగంలో మా వాళ్ళు నలుగురు ఐదేసి ఫౌల్స్ అయి బయటికొచ్చారు. మడమ బెణికిన అమ్మాయి ఎట్లాగూ లేదు. చివరి నాలుగు నిమిషాలకు సార్ నా వైపు చూశారు. దిగాను. వాళ్ళ టీములో పొట్టిగా, చురుగ్గా ఉండే అమ్మాయి ఒకత్తి అప్పటిదాకా ఎవరికీ చిక్కలేదు. ఆమెను కాయడం నా పని. చెప్పానుగా, పరుగు ఒక్కటే నాకు వచ్చింది. ఆమె ఎటు పోతే అటు పోయాను. మూడు నిమిషాలు ఆమెను బంతి వేయనివ్వలేదు. భారతి నా వీపు మీద చరిచి, "గట్లనే ఉండు, గట్లనే" అంది. ఆ ఏడు మొత్తంలో నేను ఆటగత్తెను అనిపించిన మూడు నిమిషాలు అవి. చివరి నిమిషంలో మేము ఒక్క పాయింటు పైన ఉన్నాం. బంతి ఆ అమ్మాయి చేతికొచ్చింది. నేను ఎదురుగా చేతులు చాపి నిలబడ్డాను. అప్పుడు పక్క నుంచి నాయనమ్మ గొంతు, చెరువు అవతలి ఒడ్డుకు వినపడేంత గొంతు, "ఎడమకు బిడ్డా! ఎడమకు వస్తది!" అని అరిచింది.

నాకు స్పష్టంగా వినపడింది. ఆమె చెప్పింది నిజమని కూడా తెలుసు. పదకొండు రోజుల్లో ఆమె కన్ను తప్పింది లేదు. ఆ అర క్షణంలో నాకు గెలుపు గుర్తు రాలేదు, టీము గుర్తు రాలేదు. నీ మాట విని ఆడితే ఇది కూడా నీ ఆటే అవుతుంది, నాది కాదు అనిపించింది. కుడికి కదిలాను. ఆ అమ్మాయి నా ఎడమ పక్క నుంచి దాటిపోయి బంతిని రింగులో వేసింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. భారతి కూడా నా భుజం మీద చెయ్యి వేసి, "మూడు నిమిషాలు ఆపినవ్, చాలు" అంది. నాయనమ్మ అరుపు ఆ గోలలో వాళ్ళకు వినపడి ఉండకపోవచ్చు, వినపడినా ఆమె రోజూ ఏదో ఒకటి అరిచేదే. సార్ మాకు పుచ్చకాయలు కోయించారు. హైదరాబాద్ బస్సు ఎక్కాక నాయనమ్మ పక్క సీటు ఖాళీగా ఉంది. వచ్చి కూర్చున్నాను. చాలా దూరం ఆమె బయటికే చూసింది. ఆ తర్వాత మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు, "నీకు ఇనవడ్డదా?" అని అడిగింది. "ఇనవడ్డది" అన్నాను. ఆమె తల ఊపింది. కోపం లేదు, ఓదార్పు లేదు. కాసేపటికి మూట విప్పి ఒక రొట్టె ముక్క నా చేతిలో పెట్టింది. అప్పటికి అది గట్టిపడిపోయింది. నమిలాను. ఆ మాట ఆమె బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ఎత్తలేదు. మా నాయనకు చెప్పలేదు, సార్‌కు చెప్పలేదు. మొన్న ప్రగతి నగర్‌లో భారతి, "ఆ రోజు నువ్వు ఎంత ఉరికినవే" అని అందరికీ చెప్తుంటే నేను కింద చాప అల్లిక చూస్తూ కూర్చున్నాను. చెప్పే ధైర్యం రాలేదు. భారతి ఇది చదివితే చదవనీ.

ఇప్పుడు మా ఇల్లున్న జాగాలో పెద్ద అపార్టుమెంటు లేచింది. మేము అందులోనే ఆరో అంతస్తులో ఉంటున్నాం. కొట్టం ఎక్కడుండేదో చెప్పమంటే కింద కార్లు నిలిపే చోట అటూ ఇటూ తిరిగి అంచనాగా చూపించాలి. పొద్దున్నే ఆడపిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని, ముక్కూ ముఖం తెలియని వాళ్ళ బైకు టాక్సీల వెనక కూర్చుని ఆఫీసులకు పోతుంటారు. ఎవరి తోడూ అడగరు. అది చూస్తే నాకు సంతోషం. పెద్దావిడ లేకపోతే ఆడపిల్లలు ఆటకే పోవద్దన్న ఆ షరతు అన్యాయమైనదే, అందులో నాకు అనుమానం లేదు. అరుణకు జరిగిన నష్టమూ ఆ షరతు వల్లనే. అయితే అదే షరతు లేకపోతే మా నాయనమ్మ మానేరు నీళ్ళు చూడకుండానే పోయేది. ఈ రెండు సంగతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎన్నిసార్లు చూసినా, ఒకదాన్ని ఇంకొకటి కొట్టేయదు. రెండూ అట్లాగే ఉంటాయి. అప్పుడు నాకు కావలసింది ఒక ఆటగత్తె పేరు. ఆమెకు కావలసింది ఒక కిటికీ. ఇద్దరం ఒకే బస్సు ఎక్కాం. అంతవరకే నాకు అర్థమైంది, దానికీ ఇన్నేళ్ళు పట్టింది.

తర్వాతి ఏడు, డిగ్రీ ఆఖరి సంవత్సరం, తవ్వేసిన కోర్టుకు బదులు ఇంకోటి ఇంకా కట్టలేదు. మళ్ళీ మ్యాచులన్నీ బయటే. జాబితా వేయకముందే నేను సార్ దగ్గరికి పోయి, నా బదులు అరుణను తీసుకొమ్మని చెప్పాను. "మరి అమ్మగారు?" అన్నారు సార్. "ఏమో సార్, నేను పోకుంటే రాదేమో" అన్నాను. అరుణకు నేనే చెప్పాను. కిందటేడు జరిగింది కూడా మొత్తం చెప్పాను, ఆ చివరి నిమిషం ఒక్కటి తప్ప. ఆమె విని, "నాకు అప్పుడే తెలుసే. మా నాన్నగారు కనుక్కున్నారు. నీకు తెలియదని మాత్రం నాకు తెలియదు" అంది. మళ్ళీ తనే, "నీ మీద చాలా రోజులు కోపంగా ఉన్నాను, ఏమనుకోకు" అని నవ్వేసింది.

ఇంటికొచ్చి కొట్టంలో పాలు పిండుతున్న నాయనమ్మకు చెప్పాను. నేను టీములో లేనని, ఇంక ఆమె పోవాల్సిన పని లేదని. లోపల ఎక్కడో, ఆమె 'నువ్వు లేంది నాకెందుకే' అంటుందని ఆశపడ్డాను. ఆమె పిండుడు ఆపకుండానే, "ఎప్పుడు పోవుడు?" అంది.

"నేను పోతలేనే, నాయనమ్మా."

"నువ్వు పోతలేవు. పిల్లలు పోతున్నరు గదా. బస్సుల ఎవరికన్న దిగాల్నంటే ఎవరడుగుతరు, సారడుగుతడా?" అంది. పాల గిన్నె పక్కన పెట్టి లేచి, నడుము మీద చేతులు పెట్టుకుని, "పోయినేడు మీ అమ్మ చేసింది బర్రెల పని. ఈ ఏడు నువ్వు చెయ్యి. నేర్చుకో" అంది.

ఆ పది రోజులు తెల్లారకముందు నేను లేచి కొట్టం ఊడ్చాను. ఒక బర్రె నాకు రెండు రోజులు పాలివ్వలేదు. చేతులు వాచిపోయాయి. ఎండ ఎక్కాక చెరువు దగ్గర బండ మీద కూర్చుంటే, చూడటానికి నాలుగు బర్రెలు, నీళ్ళు, అవతల ఎత్తుగా లేస్తున్న కొత్త బిల్డింగుల క్రేన్లు. అవి ఎటు తిరుగుతున్నాయో చూస్తూ కూర్చునేదాన్ని. మూడో రోజుకే నాకు ఊపిరాడలేదు. ఆమె దాన్ని నలభై ఏళ్ళకు పైగా చేసింది.

పదకొండో రోజు పొద్దున ఎనిమిదింటికి ఆమె వచ్చింది. చేతిలో మూట, ముఖం ఎండకు నల్లబడి ఉంది. నేరుగా కొట్టంలోకి పోయి ఒక్కో బర్రె డొక్క తడిమి చూసింది, ఏమీ అనలేదు. అంటే బాగానే ఉన్నాయన్నమాట. అమ్మ చాయ తెచ్చి ఇచ్చింది. నాయనమ్మ గోడకు ఆనుకుని ఎండలో కూర్చుని, సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగుతోంది. నేను ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. చేతులు పేడతో ఉన్నాయి, కడుక్కోవడానికి కూడా పోలేదు.

"ఏమైందే? గెలిచిండ్రా? అరుణ ఎట్ల ఆడింది?" అని అడిగాను.

ఆమె సాసర్ కింద పెట్టి, చీర కొంగుతో మూతి తుడుచుకుని, వక్క ముక్క నోట్లో వేసుకుంది. "ఆగు పిల్లా, గట్ల ఆగమాగం జేస్తవేందే?" అంది. "మొదటి సంది అన్నీ జెప్త. ముందుగాల నన్ను బస్సెక్కనియ్యి."